కట్టుడు పళ్లను పేస్టుతో తోమాలా, మాత్రలో నానబెడితే చాలా?

పెద్దకూతురు:
అమ్మకు పైనా కిందా కట్టుడు పళ్లే. పెట్టించి రెండేళ్లయింది. పొద్దునా రాత్రీ పేస్టు వేసి బరబరా తోముతుంది. అయినా కింది సెట్టులో ముందు పళ్ల వెనక గోధుమరంగు చారలు పడ్డాయి. తమ్ముడేమో "పేస్టే కొంప ముంచింది, కట్టుడు పళ్లు శుభ్రం చేసే నురుగు మాత్ర వేసిన నీళ్లలో నానబెడితే చాలు" అంటాడు. "తోమకుండా పాచిపళ్లు నోట్లో ఎలా పెట్టుకుంటాన్రా?" అని అమ్మ. ఎవరి మాట వినాలి?

నురుగుబాబు:
నా ఓటు మీ తమ్ముడికే. మూడేళ్లుగా బ్రష్ ముట్టలేదు. బ్రష్ దూరని సందుల్లోకి కూడా నురుగు దూరుతుంది. ఇక తోమడం దేనికి?

ల్యాబ్‌లో పాతకాపు:
సెట్లు చేయడమే నా పని. ఇద్దరిదీ సగం సగం నిజం.

సెట్టు చేసేది అక్రిలిక్ ప్లాస్టిక్‌తో. సొంత పంటి ఎనామిల్ ముందు అది చాలా మెత్తన. పేస్టులో ఉండే సన్నటి పొడి ఎనామిల్‌ను పెద్దగా ఏమీ చేయకపోయినా దీన్ని గీసిపారేస్తుంది. సెట్టును లైటు కింద కాస్త వాల్చి చూడండి. కొత్తదైతే తళుక్కుమంటుంది, గీతలు పడ్డదైతే మసగ్గా కనిపిస్తుంది. టీ, కాఫీ, పొగాకు రంగు ఆ గీతల్లోకే దిగుతుంది. పాచీ అక్కడే కాపురం పెడుతుంది. అమ్మగారు ఎంత గట్టిగా తోమితే అంత చేటు.

అలాగని మాత్ర ఒక్కటే చాలదు నురుగుబాబు గారూ. అది పాచిని వదులు చేస్తుందంతే, ఊడ్చేయదు. మీ సెట్టు లోపలివైపు, చిగురుకు ఆనే చోట, వేలితో రుద్ది చూడండి.

తోమాలి, పేస్టు లేకుండా. మెత్తటి బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. కింద నీళ్లు నింపిన బేసిన్ పెట్టుకోండి, చేయి జారినా పగలదు. వేడినీళ్లు మాత్రం వద్దు, సెట్టు వంకరపోతుంది.

నురుగుబాబు:
రుద్దాను. జిగటగా జారింది. ఛీ. బ్రష్ కొంటాను గానీ మాత్ర మాత్రం మానను.

ల్యాబ్‌లో పాతకాపు:
మానమని ఎవరన్నారు? మాత్ర పెట్టె మీద రాసినంతసేపు నానబెట్టి, తోమి, బాగా కడిగాకే నోట్లో పెట్టుకోండి.

ఒకసారి కాలినవాడు:
బ్లీచ్ జోలికి మాత్రం పోకండి. తెల్లగా మెరుస్తాయని రాత్రంతా నానబెట్టాను. పళ్లు మెరవలేదు, సెట్టు గులాబీ చిగురు పాలిపోయింది, సొంత పళ్లను పట్టుకునే లోహపు కొక్కేలు నల్లబడ్డాయి. అమెరికాలో కట్టుడు పళ్ల నిపుణుల సంఘం అమెరికన్ కాలేజ్ ఆఫ్ ప్రోస్థోడాంటిస్ట్స్ 2011 మార్గదర్శకాల్లో బ్లీచ్ ద్రావణంలో 10 నిమిషాలకు మించి ఉంచొద్దని ఉందట. నాకు తెలిసేసరికి తెల్లారింది, రెండు రకాలుగానూ.

పెద్దకూతురు:
అమ్మ సెట్టు లైటు కింద చూశాను, మసగ్గానే ఉంది. చారల మీద గోరు పెడితే మాత్రం పెంకులా గరగరమంది. ఇవీ గీతలేనా?

ల్యాబ్‌లో పాతకాపు:
కాదు, గార. పాచి ఉండిపోతే లాలాజలంలోని ఖనిజాలు దాన్ని గట్టిపరుస్తాయి. నాలుక కింద లాలాజలం ఊరే చోటు కింది ముందు పళ్ల వెనకే, అందుకే అక్కడే ఎక్కువ. కొక్కేలు లేని సెట్టయితే తెల్ల వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి అరగంట ఉంచండి, మెత్తబడుతుంది. కత్తితో గీకొద్దు. అప్పటికీ పోకపోతే డాక్టర్ దగ్గర తీయించి పాలిష్ పట్టించండి. అవునూ, గార మామూలుగా పసుపుగానో తెల్లగానో ఉంటుంది. మరీ గోధుమరంగంటే... అమ్మగారు పుక్కిలించే మందేమైనా వాడుతున్నారా?

పెద్దకూతురు:
చిగుళ్లు మంటగా ఉన్నాయంటే ఇచ్చారు. క్లోర్‌హెక్సిడిన్. రెండు వారాలన్నారు, బాగుందని అమ్మ మూడు నెలలుగా వాడుతూనే ఉంది.

ల్యాబ్‌లో పాతకాపు:
అదీ సంగతి. ఆ మందు అలా రంగు పట్టిస్తుంది. ఇంకా వాడాలో లేదో ఇచ్చిన డాక్టర్‌నే అడగండి. రాత్రి పడుకునే ముందు సెట్టు తీసి నీళ్లలో ఉంచుతున్నారా? తీయకపోతే చిగుళ్ల మంటకు అదీ ఒక కారణమే.

పెద్దకూతురు:
తీయదు. "పళ్లు లేకుండా మీ నాన్న కంట పడనా?" అంటుంది. దీనికేమైనా మాత్ర ఉందా?