పీహెచ్‌డీ తర్వాత ఎడ్యుకేషన్ రీసెర్చ్‌కి మారినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పలుచటిపొర:
థిన్ ఫిల్మ్స్ (అతి పలుచని పదార్థపు పొరలు) మీద ఫిజిక్స్ థీసిస్ రాస్తున్నాను. మనసు మాత్రం మొదటి సంవత్సరం క్లాసులోనే ఉంది. న్యూటన్ మూడో సూత్రం గడగడా అప్పజెప్పినవాళ్లే, లారీ కారు గుద్దుకుంటే కారు మీదే ఎక్కువ బలం పడుతుందంటారు, నిజానికి రెండిటి మీదా సమానమే. ఎందుకలా అంటారో తేల్చడం నాకు ఫిల్ముల కంటే ఆసక్తి. ఫిజిక్స్ ఎడ్యుకేషన్‌లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేస్తే ఉద్యోగం ఏ డిపార్ట్‌మెంట్‌లో వస్తుంది? ఆ పేపర్లు ప్రమోషన్‌కి లెక్కకొస్తాయా? ఇంటర్వ్యూలు చేసి విశ్లేషించడం ఎక్కడ నేర్చుకోవాలి?

వాలుబల్ల:
లెక్కకొస్తాయా అన్నారు చూడండి, నా కడుపు మండేది అక్కడే. మా కమిటీ నా పేపర్లన్నీ 'బోధన' గడిలో వేసి 'పరిశోధన' గడి ఖాళీ అని తేల్చింది. ఫిజిక్స్ వాళ్లకి నేను సైన్సు మానేసిన మనిషిని. ఎడ్యుకేషన్ వాళ్లకి థియరీ చదవని మనిషిని. రెంటికీ చెడ్డ రేవడి. చేరకముందే ఏ పత్రికల్ని లెక్కిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట నమ్మొద్దు. దారే లేదని కాదు. వాషింగ్టన్ యూనివర్సిటీలో లిలియన్ మెక్‌డెర్మాట్ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లోనే ఉంటూ ఈ పని మీద విద్యార్థులకి ఫిజిక్స్ పీహెచ్‌డీలే ఇప్పించారు.

జీరోగ్రావిటీ:
అంత నిరుత్సాహం ఎందుకండీ. ఈ సెమిస్టర్ నేను పీర్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టాను. ప్రశ్న వెయ్యడం, ఓటు, పక్కవాళ్లతో వాదన, మళ్లీ ఓటు. ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీలో, అంటే బలం, చలనం మీద అవగాహన చూసే పరీక్షలో, నార్మలైజ్డ్ గెయిన్ 0.5 దాటింది! కోర్సు మొదట్లో రాని మార్కుల్లో చివరికి ఎంత భాగం వచ్చాయన్నదే ఈ గెయిన్. హేక్ 1998 సర్వేలో 62 కోర్సులు, 6,000కు పైగా విద్యార్థులు. మామూలు లెక్చర్లకి సగటు 0.23, ఇలాంటివాటికి 0.48. ఇక మీరే చూసుకోండి. ఇంకో సెమిస్టర్ డేటా వస్తే పేపర్ పంపేస్తా.

గణాంకాలపిన్ని:
ఆగండాగండి. ఆ 0.5 తరగతి సగటుల మీద లెక్కేశారా, ఒక్కో విద్యార్థికి గెయిన్ కట్టి సగటు తీశారా? ప్రీటెస్ట్ 80, పోస్ట్‌టెస్ట్ 90 వచ్చినా 0.5. 20 నుంచి 60కి వెళ్లినా 0.5. ఒకరు 10 పెరిగారు, ఇంకొకరు 40. 90 నుంచి 80కి జారితే మైనస్ 1, 20 నుంచి 10కి జారితే మైనస్ 0.125 మాత్రమే. ఇవన్నీ కలిపి సగటు తీస్తే వచ్చేదానికి అర్థమేమిటి? మధ్యలో కోర్సు వదిలేసినవాళ్లు పోస్ట్‌టెస్ట్ రాయలేదుగా, వాళ్లని ఎక్కడ పెట్టారు?

జీరోగ్రావిటీ:
హేక్ తీసింది తరగతి సగటులతోనే, నేనూ అంతే. ఫ్రీమన్ బృందం 2014లో 225 అధ్యయనాలు కలిపి చూసింది. లెక్చర్ క్లాసుల్లో ఫెయిలైనవాళ్లు 33.8 శాతం, విద్యార్థుల చేతే ఆలోచింపజేసి పని చేయించే యాక్టివ్ లెర్నింగ్‌లో 21.8. దీనికేమంటారు?

గణాంకాలపిన్ని:
నేను లెక్చర్ గొప్పదని ఎక్కడన్నాను? అడిగింది మీ 0.5 గురించి. దానికి ఫెయిల్ శాతం తెచ్చి అడ్డం పెడితే ఎలా? ప్రీటెస్ట్‌ని కోవేరియేట్‌గా పెట్టి రిగ్రెషన్ చెయ్యండి, అంటే మొదటి మార్కుల తేడాని లెక్కలోకి తీసుకుని పోల్చండి. ఎఫెక్ట్ సైజు, అంటే తేడా ఎంత పెద్దదో, విడిగా ఇవ్వండి. వదిలేసినవాళ్ల సంగతి ఇంకా చెప్పలేదు. రివ్యూకి వచ్చే పేపర్లలో రోజూ చూసేదిదే, అందుకే విసుగు.

జీరోగ్రావిటీ:
అబ్బో, రివ్యూయర్ గారు! క్లాసు చెప్పి చూడండి ముందు.

సుద్దముక్క:
ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఇన్వెంటరీలూ గెయిన్లూ లేవు. బాగా చెప్పేవాడు చెబితే అర్థమవుతుంది. మా పిల్లల ఫీడ్‌బ్యాక్ చూడండి, ఎప్పుడూ పైవరసే.

వాలుబల్ల:
ఫీడ్‌బ్యాక్‌తో తేలదండీ. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో పోల్చి చూశారు. యాక్టివ్ క్లాసులో కూర్చున్నవాళ్లకి పరీక్షలో మార్కులు ఎక్కువొచ్చాయి, కానీ తాము తక్కువ నేర్చుకున్నామనే అనుకున్నారు. చక్కగా సాగే లెక్చర్ వింటే వచ్చినట్టే ఉంటుంది.

సుద్దముక్క:
అంటే నా విద్యార్థులు భ్రమలో ఉన్నారంటారా? ధన్యవాదాలు.

పలుచటిపొర:
అయ్యా, అమ్మా, నేనడిగింది డిపార్ట్‌మెంట్ సంగతి...

కోడ్‌బుక్:
ఇంటర్వ్యూల గురించి చెబుతా. టేపు ఆన్ చెయ్యడానికి ముందే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. డేటా అయ్యాక అడిగిన మా సహోద్యోగి ఒకరు ఏడాది పనంతా పక్కన పడేశారు. మీరే మార్కులేసే పిల్లలైతే సమ్మతి పత్రం వేరే మనిషి తీసుకోవాలి, గ్రేడ్లు ఖరారయ్యేదాకా ఎవరు ఒప్పుకున్నారో మీకు తెలియకూడదు. కోడింగ్, అంటే విద్యార్థుల మాటల్ని రకాలుగా విడదీసి గుర్తులు పెట్టడం, ఒక్కరే చేస్తే రివ్యూయర్లు ఒప్పుకోరు. ఇద్దరు విడివిడిగా చేసి కప్పా (ఇద్దరి గుర్తులు ఎంతవరకు కలిశాయో చెప్పే అంకె) లెక్కెయ్యండి, తేడాలొచ్చిన చోట కూర్చుని వాదించుకోండి. అసలు నేర్చుకునేది ఆ వాదనలోనే. ట్రాన్‌స్క్రిప్ట్ మాత్రం ఒక్కటైనా మీ చేత్తో టైపు చెయ్యండి. విద్యార్థి ఎక్కడ ఆగి నీళ్లు నమిలాడో సాఫ్ట్‌వేర్ చెప్పదు.

పలుచటిపొర:
ఇది పనికొచ్చింది, థాంక్సండీ. ఫిజిక్స్‌లో పేరు తెచ్చుకుని తర్వాత ఇటు రమ్మంటున్నారు మా గైడు. ఫిజిక్స్‌లో పేరు తెచ్చుకుని బోధన పరిశోధన వైపు వచ్చిన కార్ల్ వీమన్‌ని చూపిస్తారు.

వాలుబల్ల:
2001లో నోబెల్ తీసుకున్న మనిషిని ఏ గడిలో వేస్తారని ఎవరడుగుతారు? మీకైతే థీసిస్ పూర్తికాకముందే ఒక్క చిన్న ఎడ్యుకేషన్ పేపరైనా చేతిలో ఉండాలి. అది లేకుండా పోస్ట్‌డాక్ ఇంటర్వ్యూకి వెళ్తే 'క్లాసు చెప్పడం ఇష్టం' అన్న మాటొక్కటే మిగులుతుంది, దాన్ని ఎవరూ నమ్మరు.

బీకరు:
కెమిస్ట్రీకి అలాంటి కాన్సెప్ట్ టెస్ట్ ఏదైనా ఉందా? ఫోర్స్ వాళ్ల గొడవే నడుస్తోందిక్కడ.

గణాంకాలపిన్ని:
కెమికల్ కాన్సెప్ట్స్ ఇన్వెంటరీ ఉంది, 2002ది. వాడండి, నార్మలైజ్డ్ గెయిన్ మాత్రం కట్టకండి.

జీరోగ్రావిటీ:
మళ్లీ మొదలెట్టారు.