దక్షిణ మహాసముద్రపు కొలతలు అడిగినా ఎందుకు అందడం లేదు?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, చెన్నై):
దక్షిణ మహాసముద్రపు పైపొరల లవణీయత మీద పరిశోధన చేస్తున్నాను. ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలిచి, పైకి వచ్చినప్పుడు ఉపగ్రహం ద్వారా పంపే పరికరాల) కొలతలు ఎవరినీ అడగనక్కర లేకుండానే దొరుకుతున్నాయి. ఓడ మీంచి తీసిన సీటీడీ (నీటి లవణీయత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే పరికరం) కొలతల కోసం మాత్రం ఒక విదేశీ బృందానికి రెండుసార్లు రాసి ఆరు నెలలు దాటినా జవాబు లేదు. ఫలితాలను పంచుకోవాలని అంటార్కిటిక్ ఒప్పందంలోనే ఉన్నప్పుడు ఇలా ఎందుకు జరుగుతోంది? శీతకాలపు కొలతలు లేనిదే నా అధ్యాయం ముందుకు సాగదు.

జవాబు 1:
1959 నాటి ఒప్పందంలోని 3వ అధికరణం పరిశీలనలను, ఫలితాలను ఇచ్చిపుచ్చుకుని అందరికీ అందుబాటులో ఉంచాలనే చెబుతుంది. అయితే ‘ఆచరణలో సాధ్యమైనంత మేరకు’ అనే షరతు కూడా అందులోనే ఉంది. గడువు ఏదీ లేదు. పైగా ఆ ఒప్పందం 60 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువ ప్రాంతానికే వర్తిస్తుంది.

జవాబు 2 (బెంగళూరు):
మీ ఎదురుచూపు ఎంత కష్టమో అర్థమవుతోందమ్మా, కానీ ఆ మౌనాన్ని వెంటనే స్వార్థంగా తీసుకోకండి. సెన్సార్ చూపిన లవణీయతను సీసాల్లో పట్టిన నీటితో సరిచూసి, తేడాను దిద్ది, ఏ పరికరంతో ఎలా కొలిచారో రాసి పెడితే తప్ప ఆ అంకెలు ఇంకొకరికి పనికిరావు. ఇంత చాకిరీని పరిశోధనగా లెక్కగట్టేవారు తక్కువ కావడమే నా దృష్టిలో అసలు అన్యాయం. అందుకే డేటాకు కూడా డీఓఐ (వ్యాసాలకు ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇచ్చి, వాడుకున్నవారు దాన్ని తప్పక ఉదహరించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

శీతకాలానికి మీకు వేరే దారి ఉంది. ఏనుగు సీళ్ల తలకు అతికించిన చిన్న పరికరాలు మంచు కింద సైతం ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తాయి. పలు దేశాల బృందాలు సేకరించిన ఆ కొలతలను ‘మీయాప్’ (MEOP) అనే అంతర్జాతీయ వేదిక ఒకచోట చేర్చి ఉచితంగా ఇస్తోంది. ఆర్గోలో ఒక జాగ్రత్త తీసుకోండి: పైన మంచు ఉండవచ్చని నీటి ఉష్ణోగ్రతను బట్టి గ్రహించిన ఫ్లోట్ పైకి తేలకుండా కొలతలను దాచుకుని, పైన మంచు తొలగాక పంపుతుంది. కాబట్టి ఆ కాలంలో దాని స్థానం అంచనా మాత్రమే. స్థానం పక్కన 8 అనే ఫ్లాగ్ (అది అంచనా విలువ అని తెలిపే గుర్తు) ఉందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఇప్పుడే చూశాను, నా శీతకాలపు ప్రొఫైళ్లలో (లోతు వెంబడి తీసిన కొలతల వరుసల్లో) చాలావాటికి 8 ఉంది. వాటిని విడిగా పెట్టి, సీళ్ల కొలతలతో పోల్చి చూస్తాను. ఆ బృందానికి కూడా మళ్లీ రాస్తాను. ఈసారి వారి కొలతలను నా వ్యాసంలో ఎలా ఉదహరిస్తానో ముందే చెబుతాను.