అనెగడాలో లంగరుకి 60 అడుగుల గొలుసు సరిపోతుందా?

బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో జనవరిలో ఐదు రోజుల సెయిలింగ్‌కి ప్లాన్ వేస్తున్నాం. మాది 40 అడుగుల కాటమరాన్ (రెండు పొడవాటి అడుగుభాగాలున్న పడవ), నీటిలో మునిగేది 4 అడుగులు. టోర్టోలా నుంచి నార్మన్, కూపర్, వర్జిన్ గోర్డా వరకు చిక్కు లేదు. ఎదురుగా ఎప్పుడూ ఏదో ఒక దీవి కనిపిస్తూనే ఉంటుంది, రాత్రికి పడవ కట్టుకోడానికి మూరింగ్ బోయాలు (నీటి అడుగుకి బిగించిన తేలే బుంగలు) ఉంటాయి. సందేహమంతా అనెగడా గురించే.

అది పగడపు దీవి. ఎత్తు 30 అడుగులు కూడా లేదు, బాగా దగ్గరికి వెళ్తేగానీ చెట్ల తలలు కనబడవు. ఆగ్నేయాన హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ. అందుకే వర్జిన్ గోర్డాలోని నార్త్ సౌండ్ నుంచి ఉదయం ఎనిమిదిన్నరకి బయల్దేరి, ఎండ నడినెత్తికొచ్చే వేళకి అనెగడాలో పడవలు ఆగే సెట్టింగ్ పాయింట్ చేరాలని లెక్క. ఎండ ఏటవాలుగా ఉంటే నీళ్ల మీద తళుకే తప్ప కింద రాయి తెలియదు.

అక్కడ బోయా దొరక్కపోతే ఎలా? లోతు 8 అడుగులు, పడవ ముక్కు ఎత్తు 4, మొత్తం 12. లంగరు గట్టిగా పట్టాలని దానికి ఐదింతలు వదిలితే 60 అడుగుల గొలుసు. కానీ ఆ నెలలో గాలి 25 నాట్స్ (గంటకి సుమారు 46 కి.మీ.) దాటే రోజులుంటాయి. ఏడింతలు, అంటే 84 అడుగులు వదిలితే తిరిగేటప్పుడు పక్క పడవలకి తగులుతామా? లంగరు ఇసుకలో దిగిందో లేదో చూడ్డానికి ఇంజిన్‌ని రివర్స్‌లో ఎంత ఆర్‌పీఎం దాకా, ఎంతసేపు లాగుతారు? అక్కడ రాత్రి ఆగినవాళ్లు దయచేసి చెప్పండి.