జాబ్ పోయింది, పీఎఫ్ మొత్తం తీసేసి పర్సనల్ లోన్ కట్టేయనా?

హైదరాబాద్‌లో టెస్టింగ్ జాబ్ నాది. ప్రాజెక్ట్ అయిపోయాక కొన్నాళ్లు పనేమీ ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెట్టి మీరే రిజైన్ చేస్తే మంచిది అన్నారు, చేసేశా. ఈ కంపెనీలో అయిదేళ్ల రెండు నెలలు, దానికి ముందు ఇంకోచోట రెండేళ్లు. లోన్ ఇంకా 4 లక్షలుంది 13% మీద, పీఎఫ్‌లో 5 లక్షల చిల్లర ఉంది. నెలకి 10 వేల చీటీ నడుస్తోంది, ఇంకా పాడుకోలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. పీఎఫ్ తీసి లోన్ క్లోజ్ చేసేస్తే ఈఎంఐ గోల పోతుంది కదా?

పాత అకౌంటెంట్: తమ్ముడూ, పీఎఫ్ సంగతి తర్వాత, గ్రాట్యుటీ, అదే అన్నేళ్లు పనిచేసినందుకు మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, దాని గురించి హెచ్‌ఆర్ వాళ్లు ఏమన్నా అన్నారా? అయిదేళ్లు దాటాక నువ్వు మానేసినా వాళ్లు తీసేసినా అది నీకు రావాల్సిందే. లాస్ట్ బేసిక్‌ని 26తో భాగించి 15తో గుణించి ఎన్నేళ్లు చేశావో దాంతో మళ్లీ గుణించు, బేసిక్ 40 వేలైతే అయిదేళ్లకి 1,15,000 పైనే, దాని మీద టాక్స్ కూడా పడదు. ఫుల్ అండ్ ఫైనల్ షీట్‌లో (మానేసేటప్పుడు ఇచ్చే చివరి లెక్క) ఆ లైన్ లేకుండా సంతకం పెట్టకు. అడిగేది మెయిల్‌లో అడుగు, ఫోన్‌లో అడిగితే చూస్తాం అంటారు అంతే.

మియాపూర్ మనిషి: లోన్ 13, పీఎఫ్ వడ్డీ 8.25, కాబట్టి కట్టేయడమే లాభం అంటారు, లెక్క ప్రకారం కరెక్టే బ్రో. కానీ కట్టేశాక రేపు రెంట్‌కి ఏం చేస్తావ్? శాలరీ స్లిప్ లేకపోతే బ్యాంకోడు మళ్లీ లోన్ ఇవ్వడు, అప్పుడు క్రెడిట్ కార్డ్ గీకుతావ్, మినిమం డ్యూ కడుతూ పోతే నెలకి మూడున్నర శాతం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే లాగుతారు. ఆరు నెలల ఖర్చుకి సరిపడా తీసి సేవింగ్స్‌లో పెట్టుకో, ఈఎంఐ అందులోంచే కట్టు. ఇంకోటి, ఫారం 10సీ పెట్టి పెన్షన్ డబ్బు కూడా లాగేయకు, పాత కంపెనీ అకౌంట్ దీంట్లోకి ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే ఏడేళ్ల సర్వీస్ అయింది, పదేళ్లు నిండితే 58కి పెన్షన్ వస్తుంది.

చీటీల అక్క: ఆరు నెలల్లో జాబ్ వస్తుందని ఎవరు చెప్పారు మీకు, ఇప్పుడు మాన్యువల్ టెస్టింగ్‌కి కాల్స్ ఎలా ఉన్నాయో తెలుసు కదా. నేనైతే గ్రాట్యుటీ రాగానే అది లోన్‌కి కొట్టేస్తా, పార్ట్ పేమెంట్‌కి చార్జీ ఎంతో ముందే అడిగి. చీటీ మాత్రం మధ్యలో ఆపకు, కట్టకపోతే నీ ప్లేస్‌లో ఇంకొకళ్లని పెట్టుకునే హక్కు చీటీ నడిపే ఫోర్‌మన్‌కి ఉంటుంది. పాడుకుందామంటే ష్యూరిటీకి జీతం వచ్చేవాళ్లే కావాలంటారు, నీ ఫ్రెండ్స్ ఇంకా జాబుల్లో ఉండగానే ఆ పని చూసుకో.

అడిగినవాడు: షీట్ ఇప్పుడే తీసి చూశా అక్కా, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ ఉంది, గ్రాట్యుటీ లైనే లేదు. మెయిల్ పెడుతున్నా.

పాత అకౌంటెంట్: పర్సనల్ ఐడీని సీసీలో పెట్టు, ఆఫీస్ మెయిల్ ఎప్పుడైనా కట్ చేసేస్తారు. అమ్మానాన్నలు కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఉంటే లాస్ట్ డేతో అదీ పోతుంది, అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారొచ్చేమో ఈ వారమే కనుక్కో.