చక్రాల కుర్చీతో రైలు ప్రయాణం: రాయితీ ఎలా, ఎక్కడం ఎలా?

ప్రశ్న: మా నాన్నగారికి రెండు కాళ్ళూ పనిచేయవు. వచ్చే నెలలో ఆయనను విజయవాడ నుండి చెన్నైకి స్లీపర్ తరగతిలో తీసుకువెళ్ళవలసి ఉంది. టికెట్టు రాయితీ గురించి, పెట్టెలోకి ఎక్కించే పద్ధతి గురించి అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

జవాబు: తోడు లేనిదే ప్రయాణించలేని అస్థి వైకల్యం గలవారికి స్లీపర్‌లో 75 శాతం, సెకండ్ ఏసీలో 50 శాతం రాయితీ ఉంటుంది, తోడు వెళ్ళే ఒకరికి కూడా అదే వర్తిస్తుంది. ప్రభుత్వ వైద్యుడు నిర్ణీత నమూనాలో ఇచ్చిన ధ్రువపత్రంతో రైల్వే ఫోటో గుర్తింపు కార్డు తీసుకుంటే, ఆపై ఐఆర్‌సీటీసీలోనే టికెట్టు కొనవచ్చు. మీకు వ్యవధి తక్కువ కనుక, కార్డు కోసం ఆగకుండా ఈసారికి ధ్రువపత్రంతో కౌంటరుకు వెళ్ళడమే మేలు.

మరొక జవాబు: నా దృష్టిలో రాయితీ తేలిక, ఎక్కడమే కష్టం. ఎత్తైన ప్లాట్‌ఫారం సైతం పట్టాలకు 760 నుండి 840 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది, పెట్టె నేల అంతకన్నా బాగా పైన ఉంటుంది కనుక, మెట్లెక్కలేని మనిషిని ఇద్దరు ఎత్తి లోపలికి చేర్చక తప్పదు. స్లీపర్ పెట్టె నడవాలో మామూలు చక్రాల కుర్చీ తిరగదు. చాలా ఎక్స్‌ప్రెస్ రైళ్ళలో చివరన ఉండే దివ్యాంగుల పెట్టెకు తలుపులు వెడల్పుగా ఉంటాయి, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కడ్డీలు ఉంటాయి. ఒకసారి చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చారు, లిఫ్టు పనిచేయలేదు; నలుగురు అపరిచితులు నన్ను కుర్చీతో సహా వంతెన దాటించారు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. స్టేషనులో చక్రాల కుర్చీ దొరుకుతుందా?

జవాబు: స్టేషను మేనేజరు కార్యాలయంలో అడగండి, గంట ముందుగా చేరుకోండి.