పియేర్ మిషెలో బాస్‌ని ఎలా వినాలి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. ఫ్రెంచ్ జాజ్ డబుల్ బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం) కళాకారుడు పియేర్ మిషెలో (1928–2005) గురించి మీ సహాయం కావాలి.

1957 డిసెంబర్‌లో పారిస్‌లో, ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ సినిమా కోసం ట్రంపెట్ కళాకారుడు మైల్స్ డేవిస్ రికార్డు చేసిన సంగీతంలో ఆయన్ని మొదటిసారి విన్నాను. తెర మీద దృశ్యాలు చూస్తూ అప్పటికప్పుడు అల్లుకున్న సంగీతం అది. డేవిస్ ట్రంపెట్ కోసం ఆ రికార్డు పెట్టుకున్నాను గానీ, ఒక చిన్న ట్రాక్‌లో మిషెలో బాస్, కెన్నీ క్లార్క్ డ్రమ్స్ తప్ప ఇంకేమీ ఉండవు. అది ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. చీకట్లో ఎవరో మెల్లగా నడుస్తున్నట్టే ఉంటుంది.

తర్వాత 1963లో శాక్సోఫోన్ కళాకారుడు డెక్స్‌టర్ గోర్డన్ పారిస్‌లో చేసిన ఆల్బమ్ విన్నాను. పియానో మీద బడ్ పవెల్, డ్రమ్స్ మళ్లీ క్లార్కే. పియానిస్ట్ జాక్ లూసియే త్రయంలో బాఖ్ సంగీతాన్ని జాజ్‌గా వాయించింది కూడా ఈయనే అని తెలిసి ఆశ్చర్యపోయాను.

నా సమస్య ఇది. నేను బాస్ గిటార్ నేర్చుకుంటున్నాను. ఆయన లైన్లు విని రాసుకోవాలని కూర్చుంటే, గోర్డన్ ఆల్బమ్‌లో వేగం ఎక్కువై సగం స్వరాలు జారిపోతున్నాయి. లూసియే రికార్డుల్లో బాస్ స్పష్టంగా వినిపించే ట్రాకులు ఏవి? రెనే ఉర్త్రెజె (పియానో), డానియెల్ ఉమైర్ (డ్రమ్స్)లతో మిషెలో చేసిన రికార్డింగుల్లో ముందు ఏది వినాలి? చెవితో విని రాసుకున్న అనుభవం ఉన్నవాళ్లు మీ పద్ధతి కూడా చెబితే చాలా మేలు చేసినవాళ్లవుతారు.