ఆంధ్ర రేషన్ కార్డు, బెంగళూరులో వేలిముద్ర పడటం లేదు

మారతహళ్లిలో మా వీధివాళ్లం పదిమంది కలిసి, దగ్గరి రేకుల షెడ్లలో ఉండే కూలీ కుటుంబాలకు బియ్యం, మందులు, కాగితాల పనుల్లో సాయం చేస్తుంటాం. అక్కడ అనంతపురం నుంచి వచ్చిన 68 ఏళ్ల అవ్వ ఉంది. కార్డులో తనూ, నాలుగేళ్ల మనవడూ మాత్రమే. అది ఆహార భద్రత చట్టం కింది కార్డే కాబట్టి ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ పథకంలో ఇక్కడా బియ్యం రావాలి. కానీ మూడు నెలలుగా రావడం లేదు. ఇటుకలు మోసి మోసి ఆమె వేలి గీతలు అరిగిపోయాయి.

మూడు రేషన్ షాపుల్లో పది వేళ్లూ పెట్టించాం. చేతులు సబ్బుతో కడిగించి, తడి తుడిచి మళ్లీ ప్రయత్నించాం. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర, కంటిపాప వాడకుండా ఆపే ఏర్పాటు) పెట్టి లేదు. గత నెల 12న వేలిముద్రలు, కంటిపాప అప్‌డేట్ చేయించినా మెషీన్‌లో అదే ఎర్రర్. ఐదేళ్లలోపు పిల్లల ఆధార్‌కు వేలిముద్రలు తీసుకోరు కనుక మనవడితోనూ పని కాదు. ఈ షాపుల్లో కంటిపాప స్కానర్ లేదు. వేరే రాష్ట్రం కార్డుకు ఓటీపీ కుదరదని డీలర్లు అంటున్నారు. ప్రస్తుతానికి బియ్యం మేమే ఇస్తున్నాం, కానీ అది ఆమె హక్కు, పోనివ్వాలని లేదు.

బెంగళూరులో వేరే రాష్ట్రం కార్డు మీద, వేలిముద్ర లేకుండా కంటిపాపతో గానీ ఓటీపీతో గానీ రేషన్ తీసుకున్నవాళ్లు ఉంటే, ఏ ప్రాంతంలో, ఎవరిని అడిగి తీసుకున్నారో చెప్తారా?